తాళం తీసిన చోటే ఊరు కూడుతుంది
ఖాళీ జాగాలకు, తుపాను షెల్టర్లకు శ్రీకాకుళం కథానిలయం చూపిన దారి

పలాస: ఉద్దానం అనే మాట ఉద్యానం నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. కొబ్బరి, జీడి, పనస, మునగ చెట్ల మధ్య వున్న ఈ ఊళ్లలో నీడకు కొరత లేదు. అయితే నలుగురూ కూర్చుని ఒక కథ వినడానికి, పేపరు చదువుకోవడానికి, పిల్లల చేత ఒక నాటకం కట్టించడానికి నికరంగా ఇదీ చోటు అని చెప్పుకోగల స్థలం ఎన్ని ఊళ్లలో వుందని అడిగితే జవాబుకు కాస్త ఆలోచించవలసి వస్తుంది.

జాగా లేక ఈ పరిస్థితి వచ్చిందని అనుకోవడానికి వీలులేదు. పలాస-కాశీబుగ్గ జంట పట్టణంలోను, టెక్కలిలోను మేడకూ మేడకూ నడుమ చెత్త పోసుకుంటున్న ఖాళీ స్థలాలు కనిపిస్తూనే వుంటాయి. వారానికొక రోజు సంత జరిగే జాగా మిగిలిన ఆరు రోజులూ ఖాళీయే. తీరం వెంట పోతే స్తంభాల మీద నిలబెట్టిన తుపాను షెల్టర్లు కనిపిస్తాయి. ఏడాదిలో తుపాను భయం వున్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తక్కిన రోజుల్లో ఆ భవనంతో ఏం చేయాలన్నది ఆయా ఊళ్లు తేల్చుకోవలసిన విషయం.

ఇలాంటి ప్రశ్నకు మన జిల్లాలోనే ఒక మంచి జవాబు వుంది. శ్రీకాకుళం పట్టణంలో విశాఖ 'ఎ' కాలనీలో వున్న కథానిలయమే ఆ జవాబు.

బడిపంతులు పెట్టిన కథల ఇల్లు

కథా రచయిత కాళీపట్నం రామారావు 1924 నవంబరు 9న లావేరు మండలం మురపాకలో పుట్టారు. విశాఖపట్నంలో సెయింట్ ఆంథోనీ హైస్కూలులో మూడు దశాబ్దాలకు పైగా పాఠాలు చెప్పారు. అందుకే జిల్లాలో చదువుకున్నవారంతా ఆయనను 'కారా మాస్టారు' అనే పిలిచేవారు. ఆయన రాసిన 'యజ్ఞం' కథ తెలుగు దేశమంతటా చర్చకు వచ్చింది. 'యజ్ఞంతో తొమ్మిది' పుస్తకానికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది.

రచయితకు బహుమతి రావడం అరుదైన సంగతే గాని, వినని సంగతి కాదు. ఆ తరవాత ఆయన చేసిన పనే విశేషమైనది. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒకచోట దొరకాలి, ఎవరు వచ్చినా చదువుకోవాలి అని ఆయన సంకల్పించారు. తనకు వచ్చిన బహుమతుల సొమ్ము అందుకు వెచ్చించారు. మిత్రులు, పాఠకులు తోడ్పడ్డారు. 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తలుపులు తెరుచుకున్నాయి.

ఫిబ్రవరి నెలకు కథతో సంబంధం వుంది. గురజాడ అప్పారావు రాసిన 'దిద్దుబాటు' కథ 1910 ఫిబ్రవరిలో 'ఆంధ్రభారతి' పత్రికలో అచ్చయింది. ఏటా ఫిబ్రవరిలో కథానిలయం వార్షికోత్సవం జరుపుకోవడం ఆనవాయితీ అయింది. రచయితలు, పాఠకులు, విద్యార్థులు ఆ సభకు వస్తారు. కథలు రాయడం మొదలుపెట్టిన కుర్రవాడు, పేరు మోసిన రచయిత పక్కపక్కన కూర్చుని మాట్లాడుకునే చోటు అది.

అక్కడ చేరినది కూడా బంగారం లాంటి సామగ్రి ఏమీ కాదు. పాత వారపత్రికలు, మాసపత్రికలు, దీపావళి ప్రత్యేక సంచికలు, కథల సంపుటాలు. ఇళ్లలో అటకల మీద చెదలు తింటున్న కాగితాలే ఆ ఇంటికి చేరి విలువైన నిధి అయినాయి. కథలను కంప్యూటరులోకి ఎక్కించే పనిలో మనసు ఫౌండేషను తోడ్పడింది. దాంతో శ్రీకాకుళం రాలేనివారు సైతం ఎక్కడో దూరదేశంలో కూర్చుని పాత కథను చదువుకోగలుగుతున్నారు. యూనివర్సిటీలలో పరిశోధన చేసేవారికి ఇది తప్పనిసరి మజిలీ అయింది.

కారా మాస్టారు 2021 జూన్ 4న తమ 96 ఏళ్ల వయసులో శ్రీకాకుళంలో కన్నుమూశారు. ఆయన పోయినా ఇల్లు మిగిలింది. ఇదే గమనించవలసిన అంశం.

జిల్లాలో కట్టి వదిలేసిన భవనాలు ఎన్నో వుండగా ఈ ఒక్క ఇల్లు ఎందుకు నిలిచిందో ఆలోచిస్తే మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, అక్కడ జరిగే పని ఏమిటో పసివాడు అడిగినా ఒక్క మాటలో చెప్పవచ్చు - కథలు దాచడం, చదివించడం. రెండవది, తాళం తీయడం, దుమ్ము దులపడం, వచ్చినవారిని కూర్చోబెట్టడం తన పనే అనుకున్న మనిషి వున్నారు. పెద్ద రచయిత అయివుండి కూడా పాత పత్రికలను సర్దడం చిన్నతనంగా ఆయన తలచలేదు. మూడవది, ప్రభుత్వం నుంచి గ్రాంటు వచ్చేవరకు ఆగుదామని కూర్చోలేదు. వున్న డబ్బుతో మొదలుపెడితే లేని డబ్బు వెనకాల వచ్చింది.

నగరాలలో ఏం చేశారు?

నగరాలలో సెంటు జాగాకు లక్షలు పలుకుతాయి. అటువంటి చోట కూడా ఖాళీ జాగాను జనానికి ఇచ్చినవారు వున్నారు. హైదరాబాదు బంజారాహిల్స్ లో ఒక ఫొటోగ్రాఫరు నివసించిన ఇంటిని ఆయన తదనంతరం బంధుమిత్రులు కలిసి 2010 మార్చిలో 'లామకాన్' అనే పేరుతో అందరికీ తెరిచారు. వెనక పెద్ద బండరాయి, ముందు ఆరుబయలు, ఒక చిన్న వేదిక. అంతే. నాటకాలు, పాట కచేరీలు, సినిమా ప్రదర్శనలు, చర్చలు జరుగుతాయి. చౌకలో టీ, సమోసా దొరుకుతాయి. చేతిలో పెద్దగా డబ్బులేని కుర్రకారు కూడా సాయంత్రం అక్కడ కూర్చోగలగడమే దాని గొప్ప. చుట్టూ పెద్ద పెద్ద దుకాణాలున్న ఆ ప్రాంతంలో ఏదీ కొనకపోయినా కూర్చోనిచ్చే చోటు దొరకడం మాటలు కాదు.

అమెరికాలో న్యూయార్కు నగరంలో 1973లో మరో ముచ్చట జరిగింది. బవరీ, హ్యూస్టన్ అనే రెండు వీధులు కలిసే మూలన చెత్తతో నిండిన ఖాళీ స్థలం ఒకటి వుండేది. లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి, ఆమె ఇరుగుపొరుగువారు కలిసి ఆ చెత్త ఎత్తి, మట్టి పోసి, కూరపాదులు, పూలమొక్కలు వేశారు. మరుసటి ఏడు నగర పాలకులు ఆ జాగాను నెలకు 1 డాలరు అద్దెకు వారికే ఇచ్చారు. ఆ తోట ఈనాటికీ ఆమె పేరుతోనే వుంది. దానిని చూసి నగరంలో మరెన్నో పేటల వాళ్లు తమ వీధిలోని ఖాళీ జాగాలను తోటలుగా మార్చుకున్నారు.

శ్రీకాకుళం, హైదరాబాదు, న్యూయార్కు - మూడు చోట్లా భవనం సొగసు చూసి జనం రాలేదు. ఒకచోట కథ, ఒకచోట నాటకం, ఒకచోట కూరపాదు. చేతికి పని వున్న చోటికే జనం వస్తారు.

మన ఊళ్లకు కొత్తది కాదు

ఇదంతా పట్నం ముచ్చట, మనకెందుకు అనుకోనక్కరలేదు. ఖాళీ జాగాను కళకు ఇవ్వడం ఈ జిల్లా పల్లెలకు పాత అలవాటే. కుప్పలు నూర్చి, ధాన్యం ఇల్లు చేరాక కళ్లం ఖాళీ అవుతుంది. అలికి చదును చేసిన ఆ నేల మీదనే పూర్వం నాటకాలు ఆడేవారు. పందిరి వేసి, తెల్లవార్లూ తూర్పు భాగోతం ఆడితే సత్యభామ జడ చూడడానికి పొరుగూళ్ల నుంచి బళ్లు కట్టుకుని వచ్చేవారు. గుండెల మీద తప్పెటలు కట్టుకుని తప్పెటగుళ్లు వేసే దళానికి కావలసింది గుండ్రంగా తిరగడానికి కాస్త జాగా మాత్రమే. జముకుల కథకు అదీ అక్కరలేదు. ఒక అరుగు చాలు.

ఆ అరుగు మీది కథకు ఎంత బలముందో ఈ ప్రాంతానికి తెలుసు. బొడ్డపాడులో గుడి పూజారిగా వుండిన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను పట్టుకునే ఊరూరా జనాన్ని కదిలించారు. 1969లో ఆయన మరణించారు. ఆయన నడిచిన దారి మీద ఎవరి అభిప్రాయం ఎలా వున్నా, ఒక జముకు, ఇద్దరు వంతలు వుంటే ఊరంతా ఒకచోట కూర్చుంటుందన్న సంగతిని మాత్రం ఎవరూ కాదనలేరు.

పలాస పేరు దేశమంతటా వినిపించిన సందర్భం కూడా అలాంటిదే. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. అధ్యక్షత వహించవలసిన రాహుల్ సాంకృత్యాయన్ అరెస్టు కావడం వల్ల రాలేకపోయారు. అయినా సభ ఆగలేదు. జమీందారీ పన్నులతో నలిగిన రైతులు తరలివచ్చారు. తరవాత కొద్దిరోజులకే, 1940 ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు వీర గున్నమ్మ బలి అయింది. తమ కష్టం ఒక్కరిది కాదని తెలిసిన మనుషుల ధైర్యం అది. నలుగురూ కూడినప్పుడే ఆ సంగతి తెలుస్తుంది.

సభలు, జాతరలు రెండు మూడు రోజుల్లో ముగుస్తాయి. పందిరి విప్పేస్తారు. రోజూ కూడే చోటు గురించి మొదట ఆలోచించినవారు గ్రంథాలయోద్యమం పెద్దలు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించారు. 1918లో ఇప్పటి బాపట్ల జిల్లా వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనం నూరేళ్లు దాటినా నిలిచే వుంది. 1935లో కృష్ణా తీరంలో పాతూరి నాగభూషణం పడవలో పుస్తకాలు వేసి కాలువ గట్టు ఊళ్లకు తిప్పారు. కట్టడం లేకపోతే పడవ. పుస్తకం జనం దగ్గరకు చేరడమే వారికి ముఖ్యం.

తాళం ఎవరి కాడుంది?

ఉద్దానం విషయానికి వస్తే ఇది కాలక్షేపం వ్యవహారంగా మిగలదు. ప్రాణాలతో ముడిపడిన వ్యవహారం అవుతుంది.

1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వేలాది మందిని మింగింది. 1999 అక్టోబరు 29న ఒరిస్సా తీరంలో వచ్చిన పెను తుపానుకు సుమారు పదివేల మంది బలయ్యారు. ఈ అనుభవాల నుంచే తీరం వెంట ఎత్తయిన పక్కా భవనాలు కట్టాలన్న ఆలోచన బలపడింది. 2011లో ప్రపంచబ్యాంకు సాయంతో ఆంధ్ర, ఒడిశా తీరాలలో జాతీయ తుపాను ముప్పు నివారణ పథకం మొదలయింది. ఉప్పెన నీరు కింద నుంచి పోయేటట్టు స్తంభాలు, జనం పైకెక్కడానికి మెట్లు, వృద్ధులకు ఏటవాలు దారి, పశువులకు ఎత్తు దిబ్బ - ఇటువంటి ఏర్పాట్లు ఆలోచించి చేసినవి.

ఈ భవనాలకు కాగితాల మీద పెట్టిన పేరులోనే 'బహుళ ప్రయోజన' అనే మాట వుంది. అంటే తుపాను లేని రోజుల్లో బడిగానో, అంగన్ వాడీగానో, సమావేశ మందిరంగానో వాడుకోవాలనే కట్టారు. ఆ మాట మరిచి తాళం వేసి వదిలేస్తే ఏమవుతుందో సముద్రపు గాలి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఉప్పుగాలికి ఇనుప కిటికీలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. వాడని మోటారు పట్టేస్తుంది. నీళ్ల ట్యాంకు పాచి పడుతుంది. మరుగుదొడ్డి పూడిపోతుంది. గబ్బిలాలు చేరతాయి. మెట్ల కింద ముళ్లకంప పెరుగుతుంది. స్లాబు బీటలు వారిన సంగతి వాన కురిసేవరకు ఎవరికీ తెలియదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి తాతల నాటి కొబ్బరి, జీడి తోటలు నేల కూలాయి. రోజుల తరబడి కరెంటు లేదు, తాగే నీరు లేదు. ఆ చీకటిని చూసిన వారెవరూ దానిని మరిచిపోలేరు. అలాంటి రాత్రి పిల్లలను చంకనేసుకుని మెట్ల దాకా పరుగెత్తి వచ్చినవారు "తాళం ఎవరి కాడుంది?" అని అడగవలసిన పరిస్థితి రాకూడదు.

ఆ పరిస్థితి రాకుండా వుండాలంటే రోజూ ఆ తాళం తీసే పని పెట్టుకోవడమే సులువైన మార్గం. సాయంత్రం పిల్లలు చదువుకునే చోట బల్బు మాడితే ఆ రోజే తెలుస్తుంది. ఆడవాళ్లు కూడే చోట కుళాయి రాకపోతే మరునాడే పంచాయతీలో అడుగుతారు. ముసలివారు రోజూ ఎక్కే మెట్లకు పట్టుకోవడానికి కడ్డీ వూడితే వారే చెబుతారు. ఏ గదిలో ఎంతమంది పడతారో, ఏ కిటికీ మూయడం కష్టమో ఊరందరికీ అలవాటుగా తెలిసివుంటుంది. ప్రమాదం వచ్చినప్పుడు కొత్తచోటికి పోవడానికి జనం జంకుతారు. ఇల్లూ వాకిలీ వదలమని అధికారులు బతిమాలినా కదలరు. రోజూ కూర్చునే చోటికి పోవడానికి ఎవరూ బతిమాలించుకోరు.

ఒడిశాలో 1999 తరవాత కట్టిన షెల్టర్లకు ఊరివాళ్లతోనే కమిటీలు వేసి నిర్వహణ అప్పగించారు. బంగ్లాదేశ్ తీరంలో ఎన్నో షెల్టర్లు మామూలు రోజుల్లో బడులుగా నడుస్తాయి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు 1999 నాటితో పోలిస్తే ప్రాణనష్టం ఎంతో తగ్గింది. ముందు హెచ్చరిక, జనాన్ని తరలించడం, తలదాచుకోవడానికి నమ్మకమైన చోటు - ఈ మూడూ కలిస్తేనే అది సాధ్యమయింది.

ఎవరు కూర్చుంటారు?

ఉద్దానంలో కూర్చోవలసిన వారికి కొదవ లేదు. వయసులో వున్నవారు పనుల కోసం హైదరాబాదు, చెన్నై, గుజరాత్ రేవులు పట్టిపోతే ఊళ్లో పెద్దవాళ్లు, పిల్లలు మిగులుతున్నారు. పలాస-కాశీబుగ్గలో జీడి పరిశ్రమలో పిక్కలు కొట్టి, పొట్టు తీసి ఇంటికి చేరే ఆడవాళ్లకు ఒళ్లు నొప్పులు చెప్పుకోవడానికైనా ఒక అరుగు కావాలి. కాలేజీ చదువులు అయిపోయి పోటీ పరీక్షలకు చదువుకునే కుర్రవాళ్లకు ఇరుకు ఇళ్లలో దీపం కింద జాగా దొరకదు.

కిడ్నీ జబ్బు ఈ ప్రాంతంలో ఎన్ని ఇళ్లలో దీపం ఆర్పిందో చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయింది. వంశధార నీరు ఇంటింటికీ అందించే పథకం కూడా ఆ రోజే ప్రారంభించారు. మందు ఆసుపత్రిలో దొరుకుతుంది. డయాలసిస్ కు వెళ్లివచ్చిన మనిషి గుండె బరువు దించుకోవడానికి పక్కన కూర్చునే నలుగురు మాత్రం ఊళ్లోనే దొరకాలి. ఏం తినాలి, ఏం తినకూడదు, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలి అనే సంగతులు కూడా ఒకరినుంచి ఒకరికి అక్కడే తెలుస్తాయి.

మొదలుపెట్టడం ఎలా?

పని మొదలుపెట్టే ముందు జాగా ఎవరిదో తేల్చుకోవాలి. గ్రామకంఠమా, పోరంబోకా, దేవస్థానం భూమా, ఎవరి పట్టా అన్నది రెవెన్యూ రికార్డులో చూసుకోవాలి. నోటిమాట మీద మొదలుపెట్టిన పని కోర్టులో తేలుతుంది. ప్రైవేటు స్థలమైతే యజమాని నుంచి ఇన్నేళ్లు వాడుకోవచ్చునని కాగితం రాయించుకోవడం మంచిది. పంచాయతీ స్థలమైతే గ్రామసభలో చెప్పి, తీర్మానం రాయించాలి. తుపాను షెల్టరు అయితే తహశీల్దారుకు కూడా తెలియజేసి, తాళం చెవులు ఎవరెవరి దగ్గర వుండాలో రాతపూర్వకంగా నిర్ణయించుకోవాలి. ఒక చెవి ఒక్కరి దగ్గరే వుండకూడదు. కనీసం మూడు ఇళ్లలో వుండాలి. అందులో ఒకటి రాత్రీ పగలూ ఊళ్లోనే వుండే ఆడమనిషి దగ్గర వుండడం మేలు.

పుస్తకాల మాటకు వస్తే చాలామందికి తెలియని సంగతి ఒకటి వుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. పంచాయతీలు, మునిసిపాలిటీలు దానిని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టాలి. అంటే ఇంటి పన్ను కట్టే ప్రతివారూ పుస్తకానికి కూడా కడుతున్నట్టే. కాబట్టి పుస్తక నిక్షిప్త కేంద్రమో, శాఖా గ్రంథాలయమో కావాలని అడగడం బిచ్చం అడగడం కాదు. తాము కట్టిన సొమ్ముకు లెక్క అడగడమే. జాగా, తలుపు, చూసుకునే మనిషి వున్నారని చూపించి అడిగితే ఆ అడగడానికి బలం వుంటుంది.

ఖర్చు భయపడేంత వుండదు. నాలుగు వేప, కానుగ మొక్కలు, ఒక అరుగు, ఒక కుళాయి, ఒక దీపం, ఆడవాళ్లు వాడుకోదగిన మరుగుదొడ్డి. మొదట్లో ఇవి చాలు. మైకు, వేదిక, రంగులు తరవాత చూసుకోవచ్చు. పట్టణంలో అయితే చెత్త ఎత్తించడం, కంచె వేయడం మొదటి పనులు. కంచె లేని జాగాలో మొక్క బతకదు, గేటు లేని కంచెలోకి మనిషి రాడు. రెండూ వుండాలి.

వారంలో ఏ రోజు ఏం జరుగుతుందో ముందే చెప్పివుంచాలి. ఒక రోజు పిల్లలకు కథ, ఒక రోజు భజన లేదా కోలాటం, ఒక రోజు తప్పెటగుళ్లు నేర్పడం, ఒక రోజు ఆడవాళ్ల సంఘం సమావేశం. తప్పెట పట్టగల పెద్దలు, భాగోతం పాత్ర కట్టగల వృద్ధ కళాకారులు ఇంకా అక్కడక్కడ వున్నారు. వారి నోట వున్న కథను పిల్లలు రాసిపెట్టుకుంటే ప్రతి ఊరికీ ఒక చిన్న కథానిలయం తయారవుతుంది.

ఎక్కడ బెడుస్తుంది?

ఇలాంటి పనులు చెడిపోయే దారులు కూడా అందరికీ తెలిసినవే. ఒక పార్టీవారు తెరిస్తే మరొక పార్టీవారు రారు. దాత పేరు పలక మీద ఎంత పెద్ద అక్షరాలతో రాయాలన్న దగ్గర తగువు వస్తుంది. సాయంత్రం పేకాట, చీకటి పడ్డాక మందు సీసాలు చేరితే ఆడవాళ్లు, పిల్లలు ముందుగా మానేస్తారు. జెండాలకు, పేకకు, మందుకు చోటు లేదని మొదటి రోజే గోడ మీద రాసి పెట్టుకోవడం మంచిది.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి వుంది. ఫలానా వీధివారు గట్టు దిగువన నిలబడాలి, ఫలానావారు అరుగెక్కకూడదు అనే పాత పద్ధతి అక్కడ పనికిరాదు. అందరూ సమంగా కూర్చోలేని చోటు పేరుకే ఊరిది. మామూలు రోజున పక్కన కూర్చోని వారు తుపాను రాత్రి ఒకే గదిలో ఎలా తలదాచుకుంటారు?

షెల్టర్లను వాడుకునేవారు మరొక జాగ్రత్త తీసుకోవాలి. బీరువాలు, బస్తాలు, పెళ్లి సామాన్లు నింపేస్తే అసలు పనికి అడ్డం వస్తాయి. హెచ్చరిక వచ్చిన గంటలో గదులు ఖాళీ అయ్యేటట్టు వుండాలి. పుస్తకాలైతే గోడ బీరువాలో పైవరసన వుంచితే చాలు. తాళ్లు, లాంతర్లు, నీళ్ల డ్రమ్ములు, ప్రథమ చికిత్స పెట్టె ఒక మూల ఎప్పుడూ సిద్ధంగా వుండాలి.

మన తీరానికి పెద్ద తుపానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తాయి. వర్షాకాలం మొదలుకాకముందే ప్రతి తీర గ్రామం తన షెల్టరు తాళం తీసి, మోటారు వేసి, మెట్లెక్కి చూసుకోవాలి. పలాస-కాశీబుగ్గ మునిసిపాలిటీ, టెక్కలి పంచాయతీ తమ అధీనంలో వున్న ఖాళీ స్థలాల జాబితాను నోటీసు బోర్డులో పెడితే, ఏ వీధివారు ఏ జాగాను చూసుకోగలరో ముందుకు వస్తారు. జిల్లా గ్రంథాలయ సంస్థ పుస్తకాల పెట్టె ఇస్తే మిగిలిన పని ఊరు చేసుకోగలదు. శ్రీకాకుళంలో రిటైరయిన ఒక బడిపంతులు చేసిన పనిని పంచాయతీలు, యువజన సంఘాలు, మహిళా సంఘాలు కలిసి చేయలేకపోవడానికి కారణం కనిపించదు. ముందుగా తేల్చుకోవలసింది, ఈ సాయంత్రం తాళం తీసేవారు ఎవరన్నదే.